ఇంజను ఆపితే వరస పోతుంది

మా తమ్ముడి అసలు పేరు చాలామందికి తెలియదు. "పావుగంట" అంటే మాత్రం ఆ బడి చుట్టుపక్కల ఎవరైనా చెబుతారు. పదకొండేళ్లుగా స్కూలు వ్యాను నడుపుతున్నాడు. ఏ ఇంటి ముందుకు ఎన్నింటికి రావాలో దానికి పావుగంట ముందే వచ్చి హారన్ కొడతాడు. తల్లులు పిల్లలకు జడలు అల్లుతూనే గుమ్మంలోకి పరుగెత్తుకొస్తారు. "ఇంకా పావుగంట ఉంది కదండీ!" అని ఎవరైనా కేకలేస్తే, "నేనూ అదే అంటున్నానమ్మా, పావుగంటే ఉంది" అంటాడు. అలా ఆ పేరు అతుక్కుపోయింది.

నేను వాడి అక్కను. అదే వ్యానులో ఆయాను. పిల్లల్ని ఎక్కించడం, దించడం, ముక్కులు తుడవడం, కొట్టుకుంటే విడదీయడం నా పని. నాకు కోపం ఎక్కువని, నా నోట్లో నువ్వుగింజ నానదని అందరూ అంటారు. నిజమే. అయితే నోరు తెరవాల్సిన ఒక్కరోజు నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ సంగతి కూడా చెబుతాను, చెప్పక తప్పదు.

వాడికి ఈ పావుగంట పిచ్చి ఊరికే పట్టలేదు. పదో తరగతి పరీక్షకు ఏడు నిమిషాలు ఆలస్యంగా వెళ్తే గేటు మూసేశారు. గేటు ఊచలు పట్టుకుని ఎంత ఏడ్చినా ఎవరూ తీయలేదు. ఆ సాయంత్రమే పుస్తకాలు అటక మీద పడేశాడు. తర్వాత లారీ మీద క్లీనరు, ఆ తర్వాత డ్రైవరు, పెళ్లయ్యాక ఈ వ్యాను. వ్యాను వాడిది కాదు, ఓనరుది. కానీ తుడవడం చూస్తే సొంత బిడ్డకు స్నానం చేయిస్తున్నాడనుకుంటారు. కాకిపిల్ల కాకికి ముద్దు! ఇంజను ముందు సీటు కిందే ఉండే పాతకాలపు బండి అది. గేరు మార్చినప్పుడల్లా మూలుగుతుంది. ఆ మాట నేనంటే మూడు రోజులు నాతో మాట్లాడడు.

సొంత బిడ్డ కూడా ఉంది వాడికి. ఎనిమిదేళ్లు. దానికి నేను పెట్టిన పేరు వాగుడుకాయ. నిద్రలో కూడా ఎవరితోనో బేరమాడుతూ ఉంటుంది. "అత్తా, మనం ఊదిన గాలి ఎక్కడికి పోతుంది? అత్తా, చేపకు దగ్గొస్తే ఏం చేస్తుంది? అత్తా, నీకు కోపం రాకుండా ఉండే రోజు ఏ వారం?" ఇదీ వరస. నాలుగో ఏట దానికి ఉబ్బసం అని తేలింది. రోజూ పీల్చే పంపు ఒకటి, ఊపిరి ఆడనప్పుడు పీల్చే నీలం పంపు ఒకటి ఇచ్చారు. అవి వాడుతూ బాగానే ఉండేది. మూడో తరగతిలోకి వచ్చాక మళ్లీ మొదలైంది. రాత్రుళ్లు దగ్గు, తెల్లారేసరికి పిల్లికూతలు, వారానికి రెండు రోజులు బడి మానడం.

మా తమ్ముడు పగబట్టినట్టు ఇంటి మీద పడ్డాడు. దగ్గు ఇంట్లోనే వస్తోంది కాబట్టి తప్పంతా ఇంటిదే అన్నాడు. దూది పరుపు పోయింది. కర్టెన్లు పోయాయి. దోమల చక్రాలు బంద్. ఆఖరికి నా పిల్లి మీద పడ్డాడు. ఆరేళ్లు పెంచుకున్నాను దాన్ని. నా కాళ్ల దగ్గర తప్ప పడుకునేది కాదు.

"దాని వెంట్రుకలే అక్కా, డాక్టర్లంతా అదే అంటారు."

"ఏ డాక్టరు అన్నాడు? నాతో ఫోన్లో మాట్లాడించు!"

"పిల్ల కావాలా, పిల్లి కావాలా?"

అలా అడిగితే ఏం చెబుతాం? సంచిలో పెట్టి మరదలి స్నేహితురాలికి ఇచ్చి వచ్చాను. దారిపొడుగునా సంచిలోంచి నన్ను తిడుతూనే ఉంది. పిల్లి పోయింది, దగ్గు పోలేదు. నెల దాటాక కూడా పోలేదు.

ఇప్పుడు ఆ బడి వెనక సందు గురించి చెప్పాలి. దాని వెడల్పు ఒక బండికీ, పక్కన ఒక బక్కమనిషికీ సరిపోతుంది. రెండు వైపులా నిలువెత్తు గోడలు. వ్యాన్లు ఒక చివర నుంచి వస్తాయి, రెండో చివర నుంచి పోతాయి. ఆ రెండో చివర గొలుసు కట్టి తాళం వేసి ఉంటుంది. పిల్లలంతా ఎక్కాక వాచ్‌మన్ ఈల వేసి తాళం తీస్తేనే బండి కదలాలి. పదమూడు వ్యాన్లు ఒకదాని తోకకు ఇంకోటి ముక్కు ఆనించి నిలబడతాయి. ఇంజన్లన్నీ నడుస్తూనే ఉంటాయి. అన్నీ పాత బండ్లే. ఒకసారి ఆపితే ఏది లేస్తుందో ఏది లేవదో తెలియదు, ముందుది మొరాయిస్తే వెనకవన్నీ ఇరుక్కుంటాయి. అందుకని డ్రైవర్లు తమలో తాము ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఇంజను ఆపితే వరస పోతుంది. ఆపినవాడు మర్నాటి నుంచి చిట్టచివర నిలబడాలి. పదకొండేళ్లలో మా తమ్ముడిది ఎప్పుడూ మొదటి బండే. దానికోసం గంట ముందే, రెండున్నరకే వెళ్లి నిలబడేవాడు.

చిన్న తరగతులు కూడా రెండున్నరకే వదులుతారు. పెద్దవాళ్లకు గంట కొట్టేదాకా, అంటే మూడున్నర దాకా, చిన్నవాళ్లు వరండాలో కూర్చోవాలి. ఈ ఏడు మా పిల్లకు ఆ బాధ తప్పించాడు వాడు. వరండాలో సుద్దపొడి, మట్టి అని వాచ్‌మన్‌ను బతిమాలి, దాన్ని నేరుగా వ్యానులోకి పంపించే ఏర్పాటు చేసుకున్నాడు. ముందు సీటు మీద దుప్పటి పరిచాడు. దుమ్ము రాకుండా అద్దాలన్నీ బిగించాడు. ఉక్కపోయకుండా చిన్న ఫ్యాను పెట్టాడు. ఫ్యాను తిరగాలంటే ఇంజను నడవాలి, ఎటూ నడుస్తూనే ఉంటుంది. తాను మాత్రం కిందికి దిగి, దానికి నిద్రాభంగం కాకూడదని తలుపు చప్పుడు కాకుండా వేసేవాడు. "మహారాణిలా ఉంది నా కూతురు" అని పక్క డ్రైవర్లకు చూపించేవాడు. నేను కూడా చూసి మురిసిపోయాను. అబద్ధమెందుకు!

పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఒకావిడ ఉంది. బయట యాభై మంది కూర్చుని ఉన్నా కసురుకోదు. పిల్లను తీసుకెళ్లి చూపిస్తే, ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా, పొయ్యి ఏది, బడికి ఎలా వెళ్తుంది అని అడిగింది.

"నా వ్యానులోనే మేడమ్. అద్దం కూడా దించను" అన్నాడు వీడు గర్వంగా.

ఆవిడ ఒక ప్లాస్టిక్ గొట్టం ఇచ్చింది. గట్టిగా ఊదితే అందులో ముల్లు ఒక అంకె దగ్గర ఆగుతుంది. ఆకుపచ్చ గీతలో ఉంటే పర్వాలేదు, పసుపులో ఉంటే జాగ్రత్త, ఎరుపులో ఉంటే ఉన్నపళంగా రమ్మంది. పొద్దున, సాయంత్రం ఊదించి మూడు వారాలు కాగితం మీద రాయమంది. నా దస్తూరి బాగుంటుందని ఆ పని నాకు పడింది.

మొదటి రెండు వారాలకే నాకు ఒకటి కనిపించింది. ఆదివారం రాత్రికి ఆకుపచ్చ. మంగళ, బుధవారాలకు పసుపు. శుక్రవారానికి ఎరుపు అంచున. ఓహో, ఇదా సంగతి అనుకున్నాను.

"బడిదొంగవే నువ్వు! బడి ఉంటే ఊదవు, సెలవైతే ఊదుతావు."

"గట్టిగానే ఊదుతున్నానత్తా. గాలే రావట్లేదు."

"నాటకాలాడకు. ఇంకోసారి ఊదు."

మళ్లీ ఊదింది. ముల్లు ఇంకా కిందే ఆగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి దానికి, నాకు తిరగలేదు. అందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

మూడో వారం వ్యాను గేరుబాక్సు పోయి షెడ్డుకు వెళ్లింది. వారం పాటు పిల్లల్ని వాళ్ల వాళ్లే దింపుకున్నారు. మా వాగుడుకాయను నేను నడిపించి తీసుకెళ్లాను, నడిపించి తీసుకొచ్చాను. మధ్యాహ్నాలు వరండాలోనే, ఆ సుద్దపొడిలోనే కూర్చుంది. రోడ్డు మీద దుమ్ము, ఎండ, బడి, లెక్కల పరీక్ష, అన్నీ ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం ఊదితే ముల్లు ఆకుపచ్చ గీత మధ్యకు వెళ్లి కూర్చుంది. కాగితం పట్టుకుని గోడకు చేరగిలబడ్డాను. ఆ వారం లేనిది వ్యాను ఒక్కటే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికామన్నమాట.

చెప్పాలా, వద్దా? చెబితే ఏమవుతుంది? వ్యాను మానేస్తే వాడికి పని లేదు, నాకూ లేదు. వాడు వ్యాను నడుపుతున్నందుకే పిల్లకు ఆ బడిలో సీటు. మరదలు బట్టలు కుట్టే కంపెనీలో తెచ్చేదానితో ఇల్లు సగం కూడా నడవదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "సరిగ్గా తేలనీ, ఇంకో వారం చూద్దాం" అని కాగితం మడిచి డబ్బాలో పెట్టాను. రోజుకు నూరు మాటలు అనే దాన్ని, ఆ ఒక్కమాట అనలేదు.

వ్యాను సోమవారం తిరిగొచ్చింది. బుధవారం మబ్బు పట్టి ఉంది. ఆకు కూడా కదలడం లేదు. సందులో పొగ పైకి పోకుండా గోడల మధ్యే నిలబడింది. మూడున్నరకు గంట కొట్టారు. నేను పిల్లల్ని జంటలుగా చేతులు పట్టించి తీసుకొస్తున్నాను. తమ్ముడు వ్యాను పక్కన నిలబడి నోటి మీద వేలు పెట్టాడు.

"నెమ్మదిగా ఎక్కించక్కా. నిద్రపోతోంది. ఇవాళ ఒక్కమాట కూడా మాట్లాడలేదు పాపం."

అది మాట్లాడకపోవడమా! తలుపు లాగితే గోడకు తగిలి జానెడే తెరుచుకుంది. లోపల దుప్పటి మీద అది నిద్రపోవడం లేదు. రెండు చేతులూ సీటుకు ఆనించి, ముందుకు వంగి, భుజాలు ఎగరేస్తూ కూర్చుంది. పెదవులు రంగు మారాయి. నన్ను చూసి నోరు తెరిచింది.

"అత్... తా" అంది. ఆ ఒక్కమాటకే రెండు ఊపిర్లు పట్టాయి.

పక్కకు తిరిగి లోపలికి దూరి, దాని సంచిలోంచి నీలం పంపు తీసి, దాని గొట్టం తగిలించి, ఒకటి, రెండు, మూడు, నాలుగు సార్లు కొట్టాను. అది పీల్చడానికి ప్రయత్నిస్తోంది, లోపలికి పోవడం లేదు. తమ్ముడు అవతలి తలుపు నుంచి ఎక్కి హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. ఎదురుగా గొలుసు. వెనక పన్నెండు బండ్లు. వాచ్‌మన్ గేటు దగ్గర చిన్నపిల్లల్ని లెక్కపెట్టుకుంటున్నాడు. ముందు బండి కొడుతోందంటే ఏదో తొందర కాబోలనుకుని వెనక పన్నెండు మందీ హారన్లు అందుకున్నారు. ఎవరి కేక ఎవరికీ వినబడలేదు.

వాడు పిల్లను ఎత్తుకుని దిగాడు. గొలుసు కింద నుంచి దూరి రోడ్డు మీదికి పరుగెత్తాడు. దారినపోయే కారుకు అడ్డంగా నిలబడితే అది కీచుమంటూ ఆగింది. ఎక్కేసి వెళ్లిపోయారు. పదకొండేళ్లలో మొదటిసారి మొదటి బండి డ్రైవరు లేకుండా నిలబడింది.

నేను పద్దెనిమిది మంది పిల్లల్ని వెనక తలుపు నుంచి ఎక్కించుకుని లోపల మిగిలాను. పిల్ల కూర్చున్న చోటే కూర్చున్నాను. దుప్పటి ఇంకా వెచ్చగా ఉంది. అద్దాలన్నీ బిగించి ఉన్నాయి, చిన్న ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. ఐదు నిమిషాలకు కళ్లు మండాయి. పది నిమిషాలకు తల దిమ్మెక్కింది. వంగి చూస్తే సీటు కింద ఇంజను మూత అంచున మసి, ఆ మసి దుప్పటి చివరకు కూడా అంటుకుంది. పొగ గొట్టం ఎక్కడో చీలింది. ఏడాదిగా ప్రతి మధ్యాహ్నం గంటసేపు ఆ ఫ్యాను దాని మొహం మీదికి ఈ పొగనే విసురుతోంది. నాకు బండి నడపడం రాదు గానీ తాళం తిప్పడం వచ్చు. ఇంజను ఆపేశాను.

వెనక బండి డ్రైవరు, మీసాలాయన, కిటికీలోంచి తల పెట్టి అరిచాడు. "ఎవరు ఆపింది? వరస పోయింది మీది!"

"నీ వరస తగలెయ్య! పిల్ల పోయేలా ఉందిరా అక్కడ!" అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. పాపం ఆయనే తన బండిని క్లీనరుకు అప్పజెప్పి వచ్చి, మా బండి తోలి పిల్లలందరినీ ఇళ్లకు చేర్చాడు.

పిల్ల బతికింది. రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. రెండో రోజు సాయంత్రం "అత్తా, ఈ మాస్కులోంచి మాట్లాడితే నా గొంతు దొంగ గొంతులా ఉందా?" అని అడిగింది. మరదలు ఏడుస్తూ నవ్వింది. నేను డబ్బాలోంచి తెచ్చిన కాగితం డాక్టరమ్మ చేతిలో పెట్టి, మూడో వారం సంగతి అందరి ముందూ చెప్పేశాను.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఉబ్బసం ఉన్న పిల్లల గాలిగొట్టాలు లోపల ముందే వాచి ఉంటాయట. బండి పొగలో కంటికి కనబడని మసి లోపలి దాకా దిగి వాటిని ఇంకా వాపెక్కిస్తుంది, చుట్టూ కండరం బిగుసుకుంటుంది. పీల్చిన వెంటనే దగ్గు రావాలని లేదు. మధ్యాహ్నం పీల్చింది రాత్రికి బయటపడొచ్చు, మర్నాటికి బయటపడొచ్చు.

"అందుకే మీకు ఇల్లు కనబడింది, బండి కనబడలేదు. పిల్లలు మనకంటే వేగంగా ఊపిరి తీస్తారు. పైగా వాళ్ల ముక్కు ఎత్తుకే ఉంటుంది పొగ."

మా తమ్ముడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "నేనే మేడమ్... అద్దాలు నేనే బిగించాను" అన్నాడు.

ఓనరు పొగ గొట్టానికి అతుకు వేయించాడు. మా వాగుడుకాయను ఇంటికి రెండు సందుల అవతలి చిన్న బడిలో వేశాం. మరదలు షిఫ్టు మార్చుకుని నడిపించి దింపుతోంది. సందులో తమ్ముడు ఇంజను ఆపేయడం మొదలుపెట్టాడు. "అందరం ఆపుదాం, గంట కొట్టాక వేద్దాం" అని బండిబండికీ తిరిగాడు. "ముందు నువ్వు ఆపు పావుగంటా, మేం చూస్తాం" అన్నారు. చూశారు కూడా. మర్నాడు బండి లేవలేదు. మీసాలాయన, ఇంకో ఇద్దరు దిగి తోశారు. ఆ రోజు నుంచి మాది పదమూడో బండి. చివర నిలబడితే ముందున్న పన్నెండింటి పొగా మా ముక్కులోకే. ఇంజను ఆపి అద్దాలు దించుకుంటే వాళ్ల పొగ, మూసుకుంటే పిల్లలకు ఉక్క. వాడు అద్దం సగం దించుతాడు, మళ్లీ ఎక్కిస్తాడు, మళ్లీ దించుతాడు. చూడలేక నేను మొహం తిప్పుకుంటాను.

కిందటి సోమవారం పొద్దున మూడో ఇంటి ముందు ఆగాం. రెండు జడల పిల్ల అక్కడ ఎక్కుతుంది, ఆరేళ్లు. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. పిల్ల దగ్గుతోంది. ఆ దగ్గు నాకు తెలుసు.

"జలుబు చేసిందాండీ?" అని అడిగాను.

"జలుబు కాదండీ, ఉబ్బసం లక్షణాలట. నెల నుంచీ రాత్రుళ్లు నిద్ర లేదు. దుప్పట్లన్నీ ఉడకబెట్టాను. నిన్ననే పిల్లిని కూడా ఇచ్చేశాం. ఒకటే ఏడుపు, పిల్లి కావాలని."

మా తమ్ముడు ఇంజను ఆపి కిందికి దిగాడు. నేను వాడి చొక్కా పట్టుకోబోయాను. ఏం చెప్పబోతున్నాడో తెలుసు నాకు. ఈ మాట నలుగురు తల్లులకు పాకితే మా ఇద్దరికీ రేపటి నుంచి పని ఉండదు.

"పిల్లిని తెచ్చేసుకోండమ్మా. తప్పు దానిది కాదేమో. మా సందుది. నా బండిది" అన్నాడు. మా పిల్ల సంగతి, సీటు కింద మసి, పదమూడు బండ్లు, అన్నీ చెప్పాడు. దాచలేదు.

ఆ తల్లి వాడి మొహం చూసింది, బండిని చూసింది, పిల్లను చూసింది. తిట్టినా బాగుండేది.

"మరి ఎలా పంపనండీ?" అంది. "ఆయన ఆరింటికి వెళ్తారు, నేను ఎనిమిదింటికి మిషను దగ్గర ఉండాలి. నడిపించే దూరం కాదు. ఇటువైపు ఇంకో బండి రాదు కదా."

పిల్ల మళ్లీ దగ్గింది. తల్లి దాని వీపు రాసింది, సంచి భుజానికి సర్దింది. "ఎక్కమ్మా, టైమవుతోంది" అంటూ తనే ఎత్తి మెట్టు మీద నిలబెట్టింది.

నేను అందుకుని కిటికీ పక్కన కూర్చోబెట్టి అద్దం పూర్తిగా దించాను. తమ్ముడు ఎక్కి, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి కూర్చున్నాడు. తాళం తిప్పడు. ఇంకా తొమ్మిది ఇళ్లున్నాయి. ప్రతి ఇంటి ముందూ పిల్లలు సంచులు తగిలించుకుని నిలబడి ఉంటారు.

"స్టార్ట్ చెయ్యరా, పావుగంట లేటయ్యాం" అన్నాను. ఆ మాట అన్నది నేనే.